హరూరు అంటే హోరు

లాంగ్ వీకెండ్ దొరికితే చాలు, ఆక్లాండ్‌లో ఉన్న మనవాళ్లు పులిహోర డబ్బాలు సర్దుకుని బే ఆఫ్ ఐలాండ్స్ వైపు బయల్దేరతారు. పైహియా చేరాక దగ్గర్లోనే ఉన్న హరూరు జలపాతం ముందు ఫొటోలు దిగుతారు. మేమూ దిగొచ్చాం. మావోరీలో హరూరు అంటే హోరు, గర్జన లాంటి మోత అని మాకు తర్వాత తెలిసింది. మన హోరుకూ ఆ హరూరుకూ చుట్టరికమేమీ లేదు. చప్పుడు విని రెండు చోట్ల మనుషులు ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు, అంతే.

ఇట్లాంటి మావోరీ మాటల్ని కాగితం మీద పెట్టి దాచిన వారిలో ముందు చెప్పుకోవాల్సింది విలియం విలియమ్స్ గురించి. 1800లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. మొదట వైద్యం నేర్చుకున్నారు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మిషనరీ అయ్యారు. 1826 మార్చిలో భార్య జేన్‌తో కలిసి పైహియాలో ఓడ దిగారు. అన్న హెన్రీ మూడేళ్ల ముందే అక్కడికి చేరి ఉన్నారు.

వచ్చింది మతప్రచారానికి. కానీ భాష రాకుండా ఎవరికి ఏం చెబుతారు? కొత్త దేశంలో దిగి యజమాని మాట సగం అర్థమై, సగం అర్థంకాక తల ఊపిన మన పాఠకులకు ఆ అవస్థ విడమరిచి చెప్పక్కర్లేదు. విలియమ్స్ మావోరీల మధ్య ఉండి, వింటూ, అడుగుతూ నేర్చుకున్నారు. అనువాదాల బరువు ఎక్కువగా ఆయన మీదే పడింది. 1837లో బైబిల్ కొత్త నిబంధన మావోరీలో పైహియా ప్రెస్‌లోనే అచ్చయింది. 1840లో కాపురం తూరంగాకు, అంటే ఇప్పటి గిస్‌బోర్న్ ప్రాంతానికి మార్చారు.

ఆ ఏడాదే వైతాంగి ఒప్పందం జరిగింది. దాన్ని మావోరీలోకి తిప్పింది అన్న హెన్రీ, ఆయన కొడుకు ఎడ్వర్డ్. తూర్పు తీరంలో సంతకాలు చేయించింది విలియం. పరిపాలన, సార్వభౌమత్వం అనే మాటలకు మావోరీలో ఏం వాడారన్న దానిమీద ఈనాటికీ వాదం నడుస్తూనే ఉంది. ఒక్క మాట అటూ ఇటూ అయితే భూములే చేతులు మారతాయి మరి.

1844లో ఆయన నిఘంటువు పైహియాలో అచ్చయింది. ఇంచుమించు ఆ కాలంలోనే మన సి.పి. బ్రౌన్ మద్రాసులో తెలుగు నిఘంటువు పనిలో ఉన్నారు. అది 1852లో వచ్చింది. బ్రౌన్ దొర వెనుక మన పండితులు ఉన్నట్టే విలియమ్స్ వెనుక మావోరీలు ఉన్నారు. అట్ట మీద పేరు మాత్రం దొరదే.

విలియమ్స్ మొదలుపెట్టిన ఆ నిఘంటువు ఇప్పుడు తిరగేస్తే తెలుగువాళ్లకు భలే సరదా. మావోరీ కూడా మనలాగే అచ్చుతో ముగిసే భాష, మనలాగే మాటను రెండుసార్లు అంటుంది. చూడ్డానికి మన మాటే. అర్థం మాత్రం వేరే! పటపట అంటే మనకు పళ్లు కొరకడం, వాళ్లకు చుక్కలు చుక్కలుగా రాలడం. మనం టపటప అంటాం చూడండి, అది. పకపక మనకు నవ్వు, పకిపకి వాళ్లకు చప్పట్లు. నవ్వుకు వాళ్ల మాట కటకట! మనకేమో నీళ్లకు కటకట, డబ్బుకు కటకట. రాత్రి రూరూ అని కూసే గుడ్లగూబ పేరు రూరు. అడిగి రాసుకున్నవాడు లేకపోతే ఈ తేడా పైవాడికి తెలిసేది కాదు.

జపనీయులైతే ఇలాంటి మాటలకు విడిగా నిఘంటువులే వేసుకున్నారు. జోరువానకు జాజా అంటారు, చప్పుడే లేని చిరునవ్వుకు నికోనికో అంటారు. మన తళతళ, మిలమిల కూడా అట్లాంటివే. ఇంట్లో పిల్లలకు అమ్మా నాన్నా అన్నం నీళ్లూ నేర్పుతాం గానీ చిటపట, గబగబ, గుసగుస ఎవరు నేర్పుతారు? అవి వినగా రావాల్సినవి. వినేవేళకు మనం నైట్ షిఫ్ట్‌లో ఉంటాం.

మావోరీలకు అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. 1867 చట్టంతో వాళ్ల బడుల్లో ఇంగ్లిష్ చదువు వచ్చింది. సొంత భాష మాట్లాడారని పిల్లల్ని కొట్టిన బడులూ ఉన్నాయి. 1987లో గానీ మావోరీ అధికార భాష కాలేదు. మధ్యలో నూట ఇరవై ఏళ్లు.

విలియమ్స్ చివరి రోజులు సుఖంగా సాగలేదు. 1859లో వైయాపు మొదటి బిషప్ అయ్యారు. 1865లో యుద్ధం తూర్పు తీరానికి పాకడంతో పాతికేళ్లు ఉన్న చోటు వదిలి కుటుంబంతో పైహియాకు వెళ్లిపోవాల్సి వచ్చింది. పరాయి నేలమీద పాతుకుని మళ్లీ పెట్టెలు సర్దుకోవడం! అప్పటికే భూముల గొడవల్లో మిషనరీల మీద మావోరీల నమ్మకం సన్నగిల్లింది, అందులో వాళ్ల తప్పు పట్టలేం. 1867లో నేపియర్ చేరారు. 1878 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు.

పుస్తకం మాత్రం ఆగలేదు. 1871 కూర్పు కొడుకు లెనర్డ్ చేతుల మీదుగా, 1917 కూర్పు మనవడు హెర్బర్ట్ చేతుల మీదుగా వచ్చాయి. ముగ్గురూ వైయాపు బిషప్‌లే. ఏడో కూర్పు 1971లో వచ్చింది. హాక్స్ బేలో ఆపిల్ కోతకు వెళ్లే మన కుర్రాళ్లు వాన పడి పని ఆగిన రోజున నేపియర్ లైబ్రరీకి వెళ్లి అడిగి చూడండి. ఆ రోజు బయట పడుతూ ఉండేదీ పటపటే.