సరస్సును తోడిన వడ్రంగి

హాలండు దేశమున డె రైప్ అను పల్లె యొకటి కలదు. నాలుగు వందల యేండ్లకు పూర్వము దాని చుట్టుప్రక్కల నెక్కడ చూచినను సరస్సులే. పెనుగాలి వీచినప్పుడెల్ల అలలు గట్లను కోసి పొలములను మ్రింగుచుండెడివి. యాన్ ఆడ్రియాన్స్‌జోన్ లేగ్వాటర్ 1575వ సంవత్సరమున ఆ పల్లెలో జన్మించెను. తండ్రివలె ఈతడును వడ్రంగము చేపట్టి, గాలిమరల నిర్మాణమున మంచి నేర్పరి యయ్యెను.

పల్లె ప్రక్కనున్న బేమ్‌స్టర్ సరస్సు వైశాల్యము దాదాపు 7,000 హెక్టారులు. తూర్పుదేశముల వర్తకమున ధనము గడించిన ఆమ్‌స్టర్‌డాం వర్తకులు కొందరు దానిని పొలములుగా మార్చ సంకల్పించి, 1607లో ప్రభుత్వానుమతి పొందిరి. మన బందరులో డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పినదియు ఇంచుమించు ఆ రోజులలోనే. గాలిమరల పని లేగ్వాటరునకు అప్పగింపబడెను.

సరస్సు చుట్టును గట్టు పోసి, దాని వెలుపల కాలువ త్రవ్వి, లోపలి నీటిని అందులోనికి తోడవలెను. వినుటకు సులభమే! కాని సరస్సు అడుగు మూడు మీటర్లకు పైగా లోతు. ఒక మర నీటిని ఒకటి, ఒకటిన్నర మీటర్లకంటె ఎత్తజాలదు. అందుచే మరలను మెట్లవలె నిలిపి, ఒకటి యెత్తిన నీటిని మరియొకటి అందుకొనునట్లు అమర్చిరి.

గాలి ఆగినచో తోడిన నీరు వెనుకకు రాదా? ఇట్టి మరలలో తెడ్లచక్రము ముందర కొయ్యతలుపు ఒకటి యుండును. చక్రము త్రోసిన నీరు దానిని తెరచును. చక్రము నిలువగనే మరలివచ్చు నీరే దానిని మూయును. కావలివాడు అక్కరలేదు. సముద్రపుటొడ్డున తూముల తలుపులును ఇట్లే ఆటునకు తెరచుకొని, పోటునకు మూసికొనెడివి.

1610 జనవరిలో సరస్సు చాలవరకు తగ్గియుండగా గొప్ప తుపాను రేగెను. సముద్రపుగట్లు తెగెను. ఉప్పెననీరు సరస్సును మరల నింపెను. గట్టే తెగిన పిమ్మట తలుపు లేమి చేయగలవు? అంత ధనమును, అంత శ్రమయు నీట గలిసినను వారు పని మానలేదు. గట్టు నెత్తు చేసిరి. మరల సంఖ్యను 40కి పైగా పెంచిరి. 1612లో సరస్సు అడుగు బయటపడెను. నేటికిని అచట పచ్చికబయళ్లును, పొలములును ఉన్నవి.

1641లో లేగ్వాటర్ ఒక గ్రంథము వ్రాసి, అంతకంటె పెద్దదైన హార్లెమ్ సరస్సును 160 గాలిమరలతో తోడవచ్చునని లెక్క చూపెను. అప్పుడెవరును సాహసింపలేదు. 1650లో ఆతడు మరణించెను. ఆ సరస్సు 1852లో ఆవిరియంత్రముల సాయమున ఎండెను. నీటిని తోడిన మూడు యంత్రశాలలలో ఒకదానికి లేగ్వాటర్ పేరు పెట్టిరి.