చార్లీ టేలరు: రైటు సోదరుల యంత్రకారుడు

విమానమనిన తోడనే రైటు సోదరుల పేరు ప్రతి బాలుని నాలుకపై నాడును. ఆ విమానమునకు యంత్రమును చేసిన చేతులు ఎవరివో పెక్కుమంది యెఱుగరు. ఆతడు చార్లెసు టేలరు. 1868వ సంవత్సరము మే 24వ తేదీన అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున నొక పల్లెటూర జన్మించెను. పండ్రెండవ యేటనే బడి మాని, ఒక పత్రికా కార్యాలయమున పనిపిల్లవాడుగా చేరెను. ఆతని కళాశాల యంతయు పనిముట్లే.

1901వ సంవత్సరమున డేటను పట్టణములో రైటు సోదరుల సైకిళ్ల దుకాణమున గంటకు 30 సెంట్ల కూలికి కుదిరెను. వారు గాలిలో తేలు బండితో ప్రయోగములకై దూరదేశము పోవునప్పుడు దుకాణము నడుపుట ఆతని పని. మరుసటి సంవత్సరము కడపట వారికి తేలికయైన యింజను కావలసివచ్చెను. అమ్మజూపు కంపెనీ యొక్కటియు దొరకలేదు. టేలరు పూనుకొనెను. పూర్తి పటములు లేవు. కాగితపు ముక్కలపై గీసిన గీతలే యాధారము. దుకాణమున నున్నవి యొక లేతును, బెజ్జములు వేయు యంత్రమును మాత్రమే. 100 పౌన్ల ఉక్కు దిమ్మెను తొలిచి తొలిచి 19 పౌన్ల యిరుసుగా దిగదీసెను. బరువు తగ్గుటకై యింజను పెట్టెను అల్యూమినియముతో పోత పోయించిరి. ఆఱు వారములలో పని ముగిసెను.

1903 ఫిబ్రవరిలో పరీక్ష జరుగుచుండగా, పెట్రోలు కారి యిరుసు పట్టుకొనిపోయి అల్యూమినియపు పెట్టె పగిలిపోయెను. నాటికి ఆ లోహమును అతుకు విద్య పరిపక్వము కాలేదు. క్రొత్త పోతకై ఏప్రిలు వఱకు వేచియుండవలసి వచ్చెను.

అతుకుటలో నంత కష్టమేమని విద్యార్థు లడుగవచ్చును. మన మిడుతూరి యిండ్లలో సత్తు గిన్నె క్రిందపడి సొట్టపోయినచో, లోపల గుండ్రని దిమ్మె నుంచి కొయ్యసుత్తితో మెల్లగా తట్టి సరిచేయవచ్చును. విమానపు అల్యూమినియపు పెట్రోలు తొట్టికి సొట్ట పడినను చేయుపని యించుమించు నదియే. బీటవాఱినచో మాత్రము చిక్కు. ఆ లోహము 660 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును. గాలి సోకి దానిపై నేర్పడిన పలుచని పొర 2000 డిగ్రీలు దాటినగాని కరగదు. పొర తొలగింపనిచో అతుకు పట్టదు. ఇనుమువలె ముందుగా ఎఱ్ఱబడి హెచ్చరించుటయు లేదు, చూచుచుండగనే జారిపోవును. తొట్టిలో పెట్రోలు ఆవిరి మిగిలియున్నచో మంట సోకినంతనే ప్రేలును గనుక, దానిని కడిగి ఆవిరి పోగొట్టినగాని పనివాడు దానిచెంత నిప్పు చేయరాదు.

టేలరు యింజను బరువు సుమారు 180 పౌన్లు, బలము 12 గుఱ్ఱములది. శరత్కాలమున ప్రొపెల్లరుల యిరుసులు బీటవాఱగా వానిని డేటనుకు పంపిరి. టేలరు బాగుచేసి యిచ్చెను. 1903 డిసెంబరు 17వ తేదీన విమానము 12 సెకనులు గాలిలో నిలిచి 120 అడుగులు పోయెను. అప్పుడు టేలరు అచ్చట లేడు. డేటనులో దుకాణము చూచుకొనుచుండెను.

1911లో కాల్ రాడ్జర్సు అమెరికాను తూర్పునుండి పడమరకు విమానముపై దాటబూనెను. దారిలో పలుమాఱులు కూలెను. టేలరు రైలుబండిలో వెంబడించి, విఱిగిన విమానమును బాగుచేయుచు వచ్చెను. 2021లో మనకు చేరువనున్న ఓర్వకల్లున విమానాశ్రయము తెఱవబడినది. విమానములు దిగు తావులయందెల్ల పనిచేయు యంత్రకారులకు టేలరే మొదటివాడు.

కాలిఫోర్నియాలో భూములపై పెట్టిన సొమ్మంతయు ఆతడు పోగొట్టుకొనెను. 1937లో హెన్రీ ఫోర్డు రైటు సోదరుల దుకాణమును తన ప్రదర్శనశాలకు తరలింపించుచు టేలరును వెదకించెను. ఆతడు లాసేంజిలిసు విమాన కర్మాగారమున నొక కూలివాడుగా నుండెను. ఆతడెవ్వరో తోటి పనివారెఱుగరు! 1948లో ఆర్విల్ రైటు మరణించుచు ఏటేట 800 డాలర్లు ఆతనికి వ్రాసియిచ్చెను, అది చాలలేదు. 1955లో నొక పత్రికావిలేఖరి ఆతనిని ధర్మాసుపత్రిలో కనుగొనెను. విమాన పరిశ్రమవారు చందాలు వేసికొని మంచి వైద్యశాలకు మార్చిరి. అచ్చటనే 1956 జనవరి 30వ తేదీన, ఎనుబదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఎనిమిదేండ్లకు ముందు ఆర్విల్ మరణించినదియు ఆ తేదీననే.