‘ఎందుకు?’ అని అడగనిచ్చిన గురువుకు సూరత్ తెలుగువారి అభినందనలు

ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే కుప్పం గడ్డ మీద వేళ్లూని, పాతికేళ్ల మైలురాయి దాటి శాఖోపశాఖలుగా విస్తరిస్తున్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు, దాని సారథి శ్రీ రామ్‌జీ రాఘవన్ గారికి, తాపీ తీరాన స్థిరపడ్డ తెలుగువారి తరఫున హృదయపూర్వక శుభాభినందనలు! మేం సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగినవాళ్లం. తెలంగాణ పల్లెల నుంచి నేత పని వెతుక్కుంటూ సూరత్ చేరిన కుటుంబాలు మావి. మా పిల్లల్లో ఎందరో ఈ నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడుల్లోనే అక్షరాలు దిద్దుకున్నారు. సర్కారు బడి బల్ల మీద కూర్చున్న పిల్లవాడి బుర్రలో ఎంత చురుకుదనం ఉంటుందో, దాన్ని పట్టించుకునేవారు ఎంత అరుదో మాకు తెలుసు. అందుకే ఈ వేడుక మా ఇంటి వేడుక.

రిషివ్యాలీ బడిలో చదువుకుని, సిటీబ్యాంకులో పనిచేసి, లండన్‌లో బ్యాంకు ఉన్నతోద్యోగిగా ఎదిగిన రాఘవన్ గారు ఆ వైభవాన్నంతా వదులుకుని స్వదేశానికి తిరిగొచ్చారు. 1999లో అగస్త్యకు పునాది వేశారు. తండ్రి కె.వి. రాఘవన్ గారు, అణుశక్తి సంఘం మాజీ అధ్యక్షులు డాక్టర్ పి.కె. అయ్యంగార్ వంటి పెద్దలు తొలినాళ్లలోనే వెన్నుదన్నుగా నిలిచారు. బట్టీ చదువుల దేశంలో సృజనను బోధిస్తామంటే, అదీ పల్లెటూరి పేద పిల్లలకు బోధిస్తామంటే, నవ్వుకున్నవారికి కొదవుండదు. ఆయన మాత్రం వెనుకంజ వేయలేదు.

కుప్పం దగ్గర 172 ఎకరాల రాళ్లూ రప్పల నేల ఆ సంకల్పానికి వేదికైంది. ఒకప్పుడు నిలువ నీడ లేని ఆ బీడు క్రమంగా పచ్చబడింది. చెట్లు పెరిగాయి, పక్షులు వచ్చాయి, వాటి నడుమ ప్రయోగశాలలు వెలిశాయి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు బస్సుల్లో వచ్చి, ఖగోళం నుంచి కళల దాకా అన్నిటినీ చేత్తో ముట్టి నేర్చుకునే విద్యాక్షేత్రంగా అది రూపుదిద్దుకుంది. 2017లో అక్కడే రామానుజన్ గణిత పార్కు వెలసింది. లెక్కలంటే హడలిపోయే పిల్లలకు వాటితో ఆడుకునే చోటు దొరికింది.

కుప్పం దాకా రాలేని పిల్లల మాటేమిటి? వాళ్ల దగ్గరికి ప్రయోగశాలే కదిలి వెళ్లింది. ప్రయోగ సామగ్రి నింపుకున్న వ్యాన్లు ఊరూరా తిరిగాయి. వ్యాను పోలేని దారుల్లో మోటారు సైకిలు మీద పెట్టె కట్టుకుని బోధకులు బయల్దేరారు. 2013లో గూగుల్ మన దేశంలో నిర్వహించిన ఇంపాక్ట్ చాలెంజ్ పోటీ విజేతల్లో అగస్త్య ఒకటిగా నిలిచింది. అగస్త్య ‘అన్వేషణ’ పోటీల్లో ఇంజనీరింగ్ విద్యార్థులూ సర్కారు బడి పిల్లలూ జట్టుకట్టి నమూనాలు తయారుచేశారు. చదువులో ముందున్న పిల్లలు తోటి పిల్లలకు తామే గురువులయ్యారు. ఇలా ఏటికేడు పెరుగుతూ, రాష్ట్రాల ఎల్లలు దాటుతూ, ఈ విద్యాయజ్ఞం కోటి మందికి పైగా పిల్లలను చేరింది!

ఇంత విస్తారమైన పనికీ మూలం ఒక చిన్న బల్ల దగ్గర ఉంది. గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి, పైన అట్టముక్క పెట్టి, చెయ్యి ఆనించి బోర్లించి, మెల్లగా చెయ్యి తీసేస్తే అట్ట పడదు, నీళ్లు కారవు. “అట్టకు జిగురు రాశారు సార్!” అంటాడు ఒకడు. మామూలు మేష్టారైతే అక్కడే గాలి పీడనం పాఠం చెప్పి, నోటు రాయించి ముగించేస్తారు. ఇక్కడ మాత్రం గ్లాసు ఆ పిల్లవాడి చేతికే వస్తుంది. వాడు అట్ట మార్చి చూస్తాడు, సగం నీళ్లతో చూస్తాడు, చొక్కా తడుపుకుంటాడు, చివరికి కారణం దగ్గరికి తనంతట తనే చేరుకుంటాడు. తలూపే పిల్లవాణ్ణి ‘ఎందుకు’ అని అడిగేలా చేయడం, ఊరికే చూసే కళ్లకు పరిశీలన నేర్పడం, భయాన్ని ధైర్యంగా మార్చడం అగస్త్య పెట్టుకున్న లక్ష్యాలు. జవాబు చెప్పెయ్యాలన్న ఆత్రాన్ని ఆపుకోగలిగినవాడే సృజనకు గురువు. రాఘవన్ గారు తన బోధకులకు నేర్పిన అసలు విద్య ఇదేనని మా నమ్మకం.

ఆ విద్య విలువ నేతవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అగస్త్య పుట్టిన 1999లోనే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం పూర్తయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే పోగును మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పాల్సి వచ్చేది. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆ బిడ్డ ఏడేళ్లు పట్టుబట్టి యంత్రం కనిపెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయనకు తోవ చూపే ప్రయోగశాల ఏదీ లేదు. తల్లి కష్టమే ప్రశ్న అయింది, పట్టుదలే పాఠమైంది. అలాంటి బిడ్డలు ప్రతి పేటలో ఉన్నారు. వాళ్లు ఒంటరిగా ఏడేళ్లు తడుముకోనక్కర్లేకుండా, బడి వయసులోనే పనిముట్టు చేతికందించే గురువు దొరకడం ఈ తరం అదృష్టం.

పాతికేళ్ల సేవకు పూలదండలు చాలవు. మా లింబాయత్, ఉధనా వీధుల పిల్లలూ అలాంటి బల్ల చుట్టూ చేరి చొక్కాలు తడుపుకోవాలనీ, సాంచా చప్పుడును, రంగునీళ్ల కాలుష్యాన్ని, అమ్మానాన్నల నడుము నొప్పిని తగ్గించే ఉపాయాలు వాళ్ల చేతుల్లోనే పుట్టాలనీ మా ఆశ. రాఘవన్ గారి బాటలో నడిచే గురువులు ఆ ఆశను నెరవేర్చి తీరతారని మా విశ్వాసం. పద్మశాలీల మూలపురుషుడు, మృత్యువును జయించిన మార్కండేయ మహర్షి ఆశీస్సులతో శ్రీ రామ్‌జీ రాఘవన్ గారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి! అగస్త్య స్వర్ణోత్సవం, వజ్రోత్సవం, శతవార్షికోత్సవం జరుపుకోవాలి! శుభం భూయాత్!