పుల్పిట్ దిగి వచ్చిన కాపరి: బెంజమిన్ వా



మన సంఘాల్లో పిల్లల ఊసు ఎక్కువగా వచ్చేది వేసవి వీబీఎస్ రోజుల్లో, బాలల ఆదివారం నాడు. పాటలు, కంఠత వాక్యాలు, బహుమతులు అన్నీ బాగానే ఉంటాయి. కాని ఆ వరుసలో నిలబడ్డ ఒక బాబు వీపు మీద వాతలు కనబడితే సండే స్కూలు టీచరు ఏం చేయాలి? ఒక పాప ఫలానా అంకుల్ ఉన్న గదిలోకి రానని ఏడిస్తే ఆ పాపను ఏమడగాలి, ఏమడగకూడదు? ఎవరికి చెప్పాలి? ఈ సంగతి మీద టీచర్లకు ఒక్క పూట తరగతి పెట్టిన సంఘాలు ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. ఇన్నాళ్లు ఈ పేజీలో మేమూ దీన్ని దాటవేస్తూ వచ్చాము. ఆ తప్పు ఒప్పుకుంటూనే ఈ వారం ఒక కాపరి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాము.

బెంజమిన్ వా 1839 ఫిబ్రవరి 20న ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, సెటిల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. కుర్రతనంలోనే బట్టల వ్యాపారంలో పనికి కుదిరిన బెంజమిన్‌కు పరిచర్య పిలుపు వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్‌లోని ఎయిర్‌డేల్ కాలేజీలో వేదాంత విద్య పూర్తి చేసి, 1865లో సారా బూత్‌రాయిడ్‌ను పెళ్లాడి, కాంగ్రిగేషనల్ సంఘ కాపరి అయ్యారు. కొద్దికాలం న్యూబరీలో పనిచేశాక, 1866లో లండన్ పక్కన థేమ్స్ ఒడ్డున ఉన్న గ్రీనిచ్‌కు వచ్చారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆ గ్రీనిచ్ వీధులే. ఆదివారం ప్రసంగం ముగించుకుని బయటికి వస్తే, ఆకలికి చిల్లర దొంగతనం చేసి జైలుకు పోయే పసివాళ్లు కనబడేవారు. ఆ జైల్లో పెద్ద దొంగల మధ్య ఉండి, ముదిరిపోయి బయటికొచ్చేవారు. బెంజమిన్ దాన్ని ప్రసంగంలో ఖండించి ఊరుకోలేదు. జాన్ మెక్‌గ్రెగర్ అనే మిత్రుడితో కలిసి, దిక్కులేని కుర్రాళ్లకు పగటిపూట ఆశ్రయం ఏర్పాటు చేశారు. పాత కాగితాలు పోగుచేయడం, బూట్లకు పాలిష్ పట్టడం ఆ పిల్లల పని. సముద్రం మీదికి పోయే చేపల పడవల యజమానులు ఇద్దరిని ఒప్పించి కొందరికి పడవ పని ఇప్పించారు. ఆ పని చూసి స్థానిక మేజిస్ట్రేట్లు మొదటిసారి నేరం చేసిన పిల్లలను జైలుకు పంపకుండా ఈ కాపరి చేతికి అప్పగించసాగారు. ఒక పాస్టరు మాట మీద కోర్టు బిడ్డను వదిలిపెట్టిందంటే, ఆ పాస్టరు ఆ వీధిలో ఎంత నమ్మకం సంపాదించుకున్నాడో ఊహించుకోవచ్చు.

1870లో లండన్ స్కూల్ బోర్డుకు గ్రీనిచ్ నుంచి ఎన్నికై 1876 వరకు పనిచేశారు. ఈ మధ్యలోనే, 1873లో, పిల్లలను జైళ్లలో పెట్టడాన్ని నిలదీస్తూ ఒక పుస్తకం రాశారు. 1874 నుంచి ఇరవై ఏళ్లకు పైగా సండే మ్యాగజైన్ అనే క్రైస్తవ పత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. మాలాంటి పత్రికల వాళ్లు సిగ్గుపడవలసిన సంగతి ఇది. ఆయనకు పత్రిక ఒక గది, వీధి ఒక గది కాలేదు.

అప్పటి పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లాండులో పశువులను హింసించకూడదని 1822లోనే చట్టం వచ్చింది. 1824లో దాని కోసం ఒక సొసైటీ కూడా వెలిసింది. కాని సొంత ఇంట్లో తల్లిదండ్రుల చేతిలో నలిగిపోతున్న బిడ్డ కోసం గడప దాటి లోపలికి వెళ్లే స్పష్టమైన అధికారం ఎవరికీ లేదు. ఇల్లు తండ్రి రాజ్యం. అమెరికాలో న్యూయార్కు నగరంలో 1874 చివర ఇలాంటి పిల్లల కోసం ఒక సొసైటీ ఏర్పడింది. లివర్‌పూల్ బ్యాంకరు థామస్ ఆగ్న్యూ 1881లో దాన్ని చూసి వచ్చి, 1883లో తన ఊళ్లో అలాంటిదే మొదలుపెట్టించాడు. మరుసటి ఏడాది, 1884 జూలైలో, లండన్ మేయరు అధికార నివాసంలో సభ జరిగి లండన్ సొసైటీ పుట్టింది. లార్డ్ షాఫ్ట్స్‌బరీ అధ్యక్షుడు. పిల్లల కథల రచయిత్రి హెస్బా స్ట్రెటన్ దాని స్థాపనలో ముఖ్యురాలు. బెంజమిన్ కార్యదర్శుల్లో ఒకరయ్యారు. ఆ ఏడాదే హార్పర్ స్ట్రీట్‌లో, దెబ్బలు తిన్న పిల్లలను తాత్కాలికంగా ఉంచే ఇల్లు ఒకటి తెరిచారు.

1885లో ఆయన సాధించిన ఒక చిన్న సవరణ మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. చెడుకు గురైన చిన్నపాప కోర్టుకు వస్తే, ప్రమాణం అంటే ఏమిటో చెప్పలేని వయసు కాబట్టి ఆమె మాట వినకుండానే పంపేసేవారు. చూసిన సాక్షి మరొకరు ఉండరు. నేరం చేసినవాడు నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు. ఆ ఏడాది ఆడపిల్లల రక్షణ చట్టం పార్లమెంటులో ఉన్నప్పుడు, ప్రమాణం అర్థం కాని పిల్లలు చెప్పే మాట కూడా కోర్టు వినేలా ఆయన పట్టుబట్టి సవరణ చేయించారు. బిడ్డ మాటకు విలువ ఇవ్వాలన్నది చట్టంలో అలా చోటు చేసుకుంది. మన కమిటీ సమావేశాల్లో చిన్నపిల్ల మాటకు ఎదురుగా పెద్దమనిషి మాట నిలబడినప్పుడు ఎవరిది నెగ్గుతుందో మేము వేరే చెప్పనక్కరలేదు.

1886లో కార్డినల్ మానింగ్‌తో కలిసి ఇంగ్లాండు పిల్లల దుస్థితి మీద ఒక వ్యాసం రాశారు. ఒకరు కాంగ్రిగేషనల్ కాపరి, మరొకరు కేథలిక్ కార్డినల్. ఆ రోజుల్లో ఈ రెండు పక్షాలు ఒక బల్ల దగ్గర కూర్చోవడమే వింత. 1887లో సొసైటీ తరఫున చైల్డ్స్ గార్డియన్ అనే పత్రిక మొదలైంది. ఆ ఏడాదే ఆయన సంఘ కాపరి పదవి వదులుకుని పూర్తిగా ఈ పనిలోకి దిగిపోయారు. పన్నెండుమంది బిడ్డలు పుట్టిన ఇల్లు ఆయనది. సారమ్మ గారు ఆ నిర్ణయానికి ఎంత ఖరీదు చెల్లించి ఉంటారో జీవిత చరిత్రలు పెద్దగా పట్టించుకోవు.

1889లో పిల్లలపై క్రూరత్వాన్ని నిరోధించే చట్టం వచ్చింది. బిడ్డ ప్రమాదంలో ఉన్నాడని నమ్మితే వారంటుతో ఇంట్లోకి వెళ్లే అధికారం, హింసించేవాణ్ణి అరెస్టు చేసే అధికారం పోలీసులకు దక్కాయి. భర్త మీద భార్య, భార్య మీద భర్త సాక్ష్యం చెప్పే వీలు కలిగింది. ఆ ఏడాదే సొసైటీ జాతీయ సొసైటీ అయ్యింది, బెంజమిన్ దాని డైరెక్టరు. 1895లో రాజ శాసనం కూడా లభించింది.

చట్టం రాగానే పని అయిపోలేదు. దాన్ని ఇంటింటికి మోసుకెళ్లే మనుషులు కావాలి. వాళ్లే సొసైటీ ఇన్‌స్పెక్టర్లు. ఎక్కువమంది మాజీ సైనికులు, మాజీ పోలీసులు. మంచి మనసు ఉంటే చాలదని సొసైటీకి అర్థమైంది. అందుకే వాళ్లు ఎలా నడుచుకోవాలో తెలిపే సూచనల పుస్తకం తయారైంది, దాని పేరు ఇన్‌స్పెక్టర్స్ డైరెక్టరీ. ఫిర్యాదు వస్తే వెళ్లి కళ్లారా చూడాలి, చూసింది రాసుకోవాలి, డాక్టరు చేత పరీక్ష చేయించాలి, సమాచారం ఇచ్చిన పొరుగువాడి పేరు బయటపెట్టకూడదు. ముందు హెచ్చరిక, తర్వాత మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లి చూడటం, చివరికి తప్పనప్పుడే కోర్టు. ఎక్కువ కేసులు హెచ్చరికతోనే ముగిసేవి. బిడ్డను ఇంటి నుంచి లాక్కుపోవడం బెంజమిన్ ఉద్దేశం కాదు. తల్లిదండ్రులు తమ బాధ్యత నెరవేర్చేలా చేయడమే ఆయన కోరిక. వీధుల్లో జనం ఈ ఇన్‌స్పెక్టరుకు క్రూరత్వపు మనిషి అని పేరు పెట్టారు. కొందరు భయంతో అన్నారు, కొందరు కబురు పంపి పిలిపించుకున్నారు.

క్రూరత్వం పేదరికం వల్లనే పుట్టదని, కలిగిన ఇళ్లలోనూ ఉందని ఆయన గట్టిగా చెప్పేవారు. అయినా ఆయన అన్నిటిలో సరిగ్గా ఉన్నారని మేము అనలేము. పసిబిడ్డల పేరిట చేసే బీమాను ఆయన 1890 ప్రాంతంలో తీవ్రంగా ఎదిరించారు. ఆ డబ్బు కోసం బిడ్డలను నిర్లక్ష్యంగా చావనిస్తారని ఆయన భయం. అలాంటివాళ్లు లేకపోలేదు. కాని నిరుపేద తల్లి ఆ పెన్నీలు కట్టింది ఎక్కువగా బిడ్డను గౌరవంగా సమాధి చేసుకోవడానికే. ఆ పోరాటంలో ఆయన గెలవలేదు. సొసైటీ లోపల కూడా గొడవలు వచ్చాయి. డబ్బు ఖర్చుచేసే తీరు నచ్చక హెస్బా స్ట్రెటన్ 1894లో బయటికి వెళ్లిపోయారు. నిర్వహణ మీద ఆరోపణలు పెరిగితే 1897లో విచారణ జరిగింది, సొసైటీ నిర్దోషిగా తేలింది. లెక్కలు తెరిచి చూపించడానికి వెనుకాడని పరిచర్య అది, ఆ మాట మాత్రం చెప్పాలి.

ఇక మన దేశం సంగతి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరు గారైనా, హాస్టలు వార్డెనైనా, సండే స్కూలు టీచరైనా ఇందులో మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థకు బాధ్యుడైతే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా అధికారి చేత, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. 1098కి ఫోను చేస్తే ఏ వేళలోనైనా పలుకుతారు. సంఘం పరువు కోసం కడుపులో దాచుకుందామని పెద్దలు కూర్చుని తీర్మానించుకునే కుటుంబ సర్దుబాటును ఈ చట్టం ఒప్పుకోదు. బిడ్డను పదిమంది ముందు నిలబెట్టి జరిగింది మళ్లీ మళ్లీ చెప్పించడం కూడా మనవాళ్లు తెలియక చేసే హానే. ఒక్కసారి, ఓపికగా, బిడ్డ సొంత మాటల్లో విని, నోటికి మాటలు అందించకుండా రాసిపెట్టుకోవడం నేర్పితే వచ్చే పని. ఈ ఏడాది వీబీఎస్ శిక్షణలో పాటలు నేర్పే సమయంలోంచి రెండు గంటలు తీసి, జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకరిని పిలిచి చెప్పించుకోమని కాపరులను, సండే స్కూలు సూపరింటెండెంట్లను మేము వేడుకుంటున్నాము.

బెంజమిన్ వా ఆరోగ్యం పాడై 1905లో డైరెక్టరు పదవి నుంచి తప్పుకున్నారు. అంతకు ముందు ఏడాదే, మేజిస్ట్రేటు అనుమతితో ప్రమాదంలో ఉన్న బిడ్డను ఇంటి నుంచి తీసుకుపోయే అధికారం ఇన్‌స్పెక్టర్లకు చట్టం ఇచ్చింది. 1908 మార్చి 11న సౌతెండ్ దగ్గర వెస్ట్‌క్లిఫ్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. రక్తసంబంధీకుల చేతిలో ఆడపిల్లలపై జరిగే అఘాయిత్యాన్ని నేరంగా ప్రకటించిన చట్టం, పిల్లల రక్షణ నియమాలన్నిటిని ఒకచోట కూర్చిన పిల్లల చట్టం, రెండూ అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి.