అడుగుట మానని భక్తుడు – జార్జి ముల్లర్

మేము పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘములో ఒక తల్లి ఉండేది. ఆరాధన ముగిసిన తరువాత అందరూ వెళ్లిపోయినా ఆమె నిలిచి, త్రాగుడుకు లోబడిన తన కుమారుని కొరకు ప్రార్థించమని ప్రతి ఆదివారము కోరేది. అలా ఏండ్లు గడిచాయి. ఒకనాడు ఆమె, ఇంకా ఎన్నాళ్లు అడగాలి అయ్యగారూ అని మమ్మును అడిగింది. వేదాంత కళాశాలలో మేము చదివిన చదువు ఆ క్షణమున మాకు అక్కరకు రాలేదు. ఆ రాత్రి జార్జి ముల్లర్ గారి జీవిత చరిత్రను మరల తెరిచాము. మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయమని పెద్దలు కోరినప్పుడు ఆ భక్తుని గూర్చియే వ్రాయ తలచాము.

ముల్లర్ గారు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశమందలి క్రోపెన్‌ష్టెట్ అను ఊరిలో జన్మించారు. తండ్రి ప్రభుత్వమువారి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. కుమారుడు గురువు కావాలని తండ్రి కోరిక. కుమారుని నడవడి మాత్రము వేరు. తండ్రి సొమ్మునే దొంగిలించేవాడు. తల్లి మరణశయ్య మీద ఉన్న రాత్రి, ఆ సంగతి ఎరుగక, పేకాటలో మునిగి ఉన్నాడు. పదునారేండ్ల ప్రాయములో సత్రపు బాకీలు ఎగవేసి చెరసాల పాలయ్యాడు. 1825లో హాలె విశ్వవిద్యాలయములో వేదాంత విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక స్నేహితుడు ఆయనను శనివారపు సాయంకాలము ఒక ఇంటి కూటమునకు తీసికొని వెళ్లాడు. అక్కడ ఒకరు మోకరించి ప్రార్థించుట చూచాడు. మోకరించి ప్రార్థించే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. ఆ రాత్రితో ఆయన బ్రతుకు మలుపు తిరిగింది.

1829లో ఆయన ఇంగ్లాండు చేరారు. మరుసటి ఏట మేరీ గ్రోవ్స్ గారిని వివాహమాడారు. ఈ కుటుంబముతో మన తెలుగు నేలకు సంబంధము కలదు. మేరీ గారి సోదరుడైన ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ గారే 1836లో బౌడెన్, బీర్ అను దైవసేవకులను భారతదేశమునకు తోడుకొని వచ్చారు. నర్సాపురము కేంద్రముగా గోదావరి డెల్టాలో సువార్త పని నాటినవారు ఆ ఇద్దరే.

ముల్లర్ గారు 1832లో బ్రిస్టల్ నగరములో కాపురముండి, 1836లో విల్సన్ స్ట్రీటులో అనాథ శరణాలయము తెరిచారు. డబ్బు కొరకు ఏ మనుష్యుని అడగక దేవునినే అడుగుట ఆయన నియమము. ఇల్లు, ధనము, పనివారు అన్నిటి కొరకు ప్రార్థించారు. పిల్లలను చేర్చుకొనుటకు నిర్ణయించిన దినమున ఒక్క బిడ్డ అయినా రాలేదు. అప్పుడు ఆయనకు జ్ఞాపకము వచ్చింది: అన్నిటి కొరకు అడిగారు గాని పిల్లలను పంపుమని మాత్రము అడగలేదు! ఆ సాయంకాలము దానికొరకు ప్రార్థించారు. మరునాడు మొదటి దరఖాస్తు వచ్చింది.

అయితే అన్ని ప్రార్థనలకు జవాబు మరునాడే రాలేదు. 1845లో ఇరుగుపొరుగువారు పిల్లల సందడి భరించలేమన్నప్పుడు, ఊరి వెలుపల సొంత భవనము కట్టుటకు ప్రార్థన మొదలుపెట్టారు. మొదటి కానుక నెల దాటిన తరువాత, డిసెంబరు 10న వచ్చింది. అది 1,000 పౌనులు. తరువాత ఆష్లీ డౌన్ అనుచోట స్థలము దొరికింది. అయినా అప్పు చేసి పని మొదలుపెట్టలేదు. చాలినంత సొమ్ము చేరే వరకు, ప్రార్థన ఆరంభించిన నాటినుండి సుమారు 600 దినములు కనిపెట్టి, 1847 జులైలో పునాది త్రవ్వించారు. 1849లో పిల్లలు అందులో ప్రవేశించారు. 1870 నాటికి అవి అయిదు పెద్ద భవనములై, రెండువేల మందికి నిలువ నీడ అయ్యాయి.

కనిపెట్టుట అంటే చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని ఇందువలన మనకు తెలియుచున్నది. ఆ 600 దినములలో విల్సన్ స్ట్రీటు పిల్లలకు పూట పూటకు అన్నము పెట్టవలసిన పని ఉండనే ఉన్నది. ఆయన ఆ పని చేస్తూనే అడిగారు. అడుగుతూనే ఆ పని చేశారు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాము. 1844 నవంబరులో ముల్లర్ గారు అయిదుగురి మారుమనస్సు కొరకు ప్రార్థన ఆరంభించారు. ఆరోగ్యముగా ఉన్నా, జబ్బుపడి ఉన్నా, ప్రయాణములో ఉన్నా, ఒక్క దినము తప్పలేదు. పదునెనిమిది నెలలకు మొదటి వ్యక్తి ప్రభువు నెరిగాడు. మరి అయిదేండ్లకు రెండవ వ్యక్తి, ఇంకను ఆరేండ్లకు మూడవ వ్యక్తి. మిగిలిన ఇద్దరి కొరకు ముప్పదియారేండ్లు అడిగిన తరువాత కూడా ఫలము కనబడలేదు. అయినా ఆయన అడుగుతూనే ఉన్నారు.

ఆయన కోరినదెల్ల జరిగినదని అనుకొనరాదు. 1870లో మేరీ గారు జబ్బుపడినప్పుడు ఆయన ప్రార్థించారు. ఆమె ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమములో ప్రసంగము ఆయనే చేశారు. 1890లో మన దేశములో సువార్త ప్రకటించుచు జబల్పూరులో ఉండగా, ఏకైక కుమార్తె లిడియా మరణవార్త అందింది. అప్పటికి ఆయనకు ఎనుబదినాలుగేండ్లు. ఇట్టి గాయములు తగిలినా దేవునితో మాట మానలేదు. 1898 మార్చి 10న, తొంబదిరెండేండ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలి ఉపమానము మనకందరికి తెలిసినదే. దేవుడు అన్యాయపు న్యాయాధిపతివంటివాడు గనుక విసిగించాలని దాని భావము కాదు. ఆయన అట్టివాడు కాడు గనుకనే విసుగక అడగవచ్చును. ఒక మనిషి కొరకు ప్రార్థన మానితే, కొద్ది దినములలో అతని మీద ఆశ మానుతాము. ఆపైన అతని పేరే మరచిపోతాము. ముప్పదియారేండ్లు ముల్లర్ గారు ఆ ఇద్దరి పేర్లు మరువలేదు. ప్రార్థన యందలి ఓర్పు అంటే అంతకాలము ప్రేమ మానకుండుటయే.

ఈ నూరేండ్ల పండుగ నాడు మనము లెక్కించుకొనుచున్న గుడులు, బడులు, ఆసుపత్రుల వెనుక, ఫలము చూడకయే కన్నుమూసిన పెద్దల మోకాళ్లు ఉన్నవి. వారు మన పేర్లు ఎరుగరు. అయినా మన కొరకు అడిగారు.

మరుసటి ఆదివారము మేము ఆ తల్లికి ఆ అయిదుగురి సంగతి చెప్పాము. ఆమె కాసేపు ఊరకుండి, అయితే ఈ వారమూ అడుగుదాము అన్నది. మేము ఆ ఊరినుండి బదిలీ అయ్యే నాటికి ఆమె కుమారుడు మారలేదు. మేము నేటికీ ఆ పేరు ప్రభువు ఎదుట చెప్పుచున్నాము. ప్రియ సంఘస్థులారా, మీరు అడుగుట మానిన పేరు ఏదైనా ఉన్నదా? ఈ పండుగ దినములలో దానిని మరల ఎత్తుకొనండి. అట్టి ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయును గాక.