డాక్టరు పాల్ బ్రాండు

వంగిన వ్రేళ్లను చాచిన ఈ శస్త్రవైద్యుడు 1914వ సంవత్సరమున తమిళదేశమున, కొల్లిమలలలో పనిచేయుచుండిన మిషనరీ దంపతులకు జన్మించెను. తొమ్మిదవ యేట చదువునకై ఇంగ్లాండునకు పంపబడెను. 1929లో తండ్రి ఆ కొండలలోనే జ్వరముచే మరణించెను. బ్రాండు మొదట వడ్రంగము, తాపీపని నేర్చి, పిమ్మట లండనులో వైద్యవిద్య ముగించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను.

చెంగల్పట్టు కుష్ఠాశ్రమమున రోగుల వ్రేళ్లు పక్షిగోళ్లవలె ముడుచుకొనియుండుట ఆయన చూచెను. కుష్ఠరోగి మాంసమునకు మానెడి గుణము లేదని ఆ కాలమున పెక్కురు నమ్మియుండిరి. బ్రాండు పరీక్షింపగా, నరములు చెడి అరచేతి చిన్న కండలు పనిమానినవే గాని, ముంజేతి కండలు పెక్కు బలముగనే యుండెను. కండను ఎముకకు కట్టియుంచు త్రాడువంటి దానిని స్నాయువందురు. 1948 మొదలుకొని ఆయన మంచి కండల స్నాయువులను త్రిప్పి చచ్చుబడిన వ్రేళ్లకు కుట్టసాగెను. తరువాత కాలినుండి సన్నని స్నాయువు నొకదానిని పూర్తిగ వేరుచేసి, నాలుగు పాయలుగ చీల్చి, ముంజేతి కండకును నాలుగు వ్రేళ్లకును నడుమ అతుకు పద్ధతినిగూడ అవలంబించెను. అతికిన భాగము బ్రదికెను; గాయము మానెను; పిడికిలి తెరచుకొనెను.

అయినను చికిత్సాఫలమును కట్టు విప్పిన దినమున గాక, ఏండ్లు గడచిన పిమ్మట చూడవలెనని ఆయన గ్రహించెను. చేతికి కదలిక వచ్చెను గాని స్పర్శ రాలేదు. నొప్పి యెరుగని చేయి కాగిన గిన్నెను పట్టి కాలుచుండెను. నిద్రలో ఎలుకలు కొరికినను తెలియకుండెను. వ్రేళ్లు పోవుట కిట్టి గాయములే ముఖ్యకారణమని తేల్చి, ఆయన రోగులకు పిల్లుల నిప్పించెను. ప్రతిదినము చేతులను కంటితో పరీక్షించుకొనుట నేర్పెను. కొయ్యబొమ్మల పని నేర్పి జీవనోపాధి చూపెను.

1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠువైద్యశాలకు వెళ్లెను. అచ్చట తెలిసికొనిన పాదరక్షణ మార్గములు మధుమేహరోగులకును ఉపకరించెను. 2003 జూలై 8వ తేదీన సియాటిల్ నగరమున మరణించెను.

నేడు వైద్యులు సూక్ష్మదర్శిని క్రింద సన్నని రక్తనాళములను సైతము కుట్టి, శరీరమున ఒకచోటి మాంసమును మరియొకచోట అతుకుచున్నారు. అతుకు బ్రదికినంతమాత్రమున పని ముగియదు. ఆ చేయి పదియేండ్లకును అన్నము కలుపుకొనగలదా, కూలి సంపాదింపగలదా యనునదే అసలు ప్రశ్న.

విద్యార్థులారా! ముక్తేశ్వరమున గోదావరి దాటి, కోటిపల్లి మీదుగ పోయిన రామచంద్రపురము వచ్చును. అచ్చటను పూర్వము కెనడా మిషనువారు కుష్ఠరోగులకు ఆశ్రయము కల్పించిరి. అట్టివారి చేతిని జంకక పట్టుకొని, పట్టిన చేతిని ఏండ్లతరబడి విడువకుండుటయే బ్రాండు జీవితము మనకు నేర్పు పాఠము.