ఎలీ కల్బర్ట్‌సన్ - బ్రిడ్జి పాటకు తూనిక నేర్పిన మేధావి

పేకాట అనగానే బచ్చన్నపేట వంటి మన పల్లెసీమల పెద్దలు కనుబొమలు ముడుస్తారు. పందెమొడ్డి కొంపలు కూల్చుకొన్న వారిని ఎరిగిన పెద్దల భయం నిర్హేతుకమైనది కాదు. అయితే పందెం వేరు, ఆట వేరు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు తరపున తీర్పు వ్రాసిన జస్టిస్ హిదాయతుల్లా, రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పరిగణించారు. ముక్కలు పంచడంలో బ్రిడ్జిలో ఎంత అదృష్టముందో రమ్మీలోనూ అంతేనని ఆయన పోల్చారు. ఆ బ్రిడ్జిలో అదృష్టం ముగిసి వివేకం ఆరంభమయ్యే చోటును లోకానికి చూపిన వారిలో అగ్రగణ్యుడు ఎలీ కల్బర్ట్‌సన్.

ఆయన 1891 జూలై 22న రుమేనియాలో జన్మించారు. తండ్రి అమెరికా దేశపు గనుల ఇంజనీరు, తల్లి రష్యన్ వనిత. పారిస్, జెనీవా నగరాలలో విద్యనభ్యసించారు. 1917 నాటి రష్యా విప్లవంతో కుటుంబ సంపద హరించుకుపోగా, నిన్నటి శ్రీమంతుడు పేక ముక్కల నేర్పుతో పొట్టపోసుకోవలసి వచ్చింది. 1921లో అమెరికా చేరారు. న్యూయార్క్‌లో బ్రిడ్జి బోధకురాలిగా పేరొందిన జోసెఫిన్ డిల్లన్‌ను 1923లో వివాహమాడారు. ఆమె ఆయనకు జీవితంలోనే గాక ఆటలో కూడా జత అయినది.

1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే సంపన్నుడు పాత బ్రిడ్జికి కొత్త లెక్క నిర్ణయించారు. ఎన్ని పట్లు తెస్తామని ముందుగా పాడుకొంటామో అన్నింటికే ఆట గెలుపులో లెక్క. పాడకుండా అదనంగా తెచ్చినవి ఆ లెక్కకు రావు. తక్కువ పాడితే ఆట గెలిచినందుకు దక్కే బహుమానం చేజారుతుంది, ఎక్కువ పాడి తేలేకపోతే జరిమానా పడుతుంది. అందుచేత వేలంపాటయే ఆటకు ప్రాణమైనది. బలమైన చేతితో పాడడానికీ, బలహీనమైన చేతితో ఊరకుండడానికీ గొప్ప తెలివి అక్కరలేదు. అటూ ఇటూ కాని చేయి వచ్చినప్పుడే మనిషి వివేకానికి పరీక్ష.

ఆ సందిగ్ధానికి కల్బర్ట్‌సన్ ఒక తూనిక కల్పించారు. ఒకే రంగులో ఆసు, రాజు ఉంటే 2 పట్లు. ఆసు, రాణి ఉంటే ఒకటిన్నర. ఒంటరి ఆసుకు 1. వెంట చిన్న ముక్క ఉన్న రాజుకు అర. 52 ముక్కలలో ఈ లెక్కన సుమారు 8 పట్లు ఉంటాయి గనుక ఒక్కొక్కరి వాటా 2. రెండున్నర ఉన్నవాడు సగటుకు కొంచెం పైన ఉన్నవాడు. అతడు పాట ఆరంభించవచ్చు. 1930లో వెలువడిన ఆయన బ్లూ బుక్ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది.

అయితే తూనిక ఒక్కటే చాలదు. ఇస్పేటులో ఆసు, రాణి, 10, 9, 4. ఆటీనులో రాజు, 6, 3. డైమనులో రాజు, 8, 5. కళావరులో 7, 2 ఉన్నవనుకొందాం. విలువ సరిగా రెండున్నర. ఇప్పుడు ఆటీను, డైమను అలాగే ఉంచి, ఇస్పేటులో 7, 5, 4, 3, 2, కళావరులో ఆసు, రాణి మాత్రమే ఉన్నవనుకొందాం. విలువ మళ్లీ రెండున్నరే. కాని మొదటి చేతిలో పెద్ద ముక్కలు పొడవైన రంగులో ఉండి చిన్న ముక్కలకు దారి తీస్తాయి. రెండవ చేతిలో అవి తోడు లేక మిగిలిపోతాయి. మొదటి చేతితో పాడవచ్చు, రెండవ చేతితో మౌనమే మేలు.

ఇక నష్టభయానికి కూడా ఆయన హద్దు గీశారు. ప్రత్యర్థుల పాటకు అడ్డుపడే సాహసి, తన జట్టు ఇంకా ఒక ఆటైనా గెలవని దశలో 3 పట్లు, ఒక ఆట గెలిచి జరిమానా హెచ్చిన దశలో 2 పట్లు మించి ఓడే ప్రమాదం తెచ్చుకోరాదు. అన్నింటికన్న ముఖ్యం ఎదుటి జతగాడు. ఒకరు ఒక ఇస్పేటు పాడగా జతగాడు రెండు అన్నాడు. మొదటివాడు ఎటూ తేల్చుకోలేక మూడు అంటే అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. కనీస బలముంటే జతగాడు ఆగుతాడు, కొంత మిగులుంటే నాలుగు పాడి ఆటను చేరుస్తాడు. ఒక్కరి సందిగ్ధం ఇద్దరి నిర్ణయమవుతుంది.

ఈ పద్ధతికి పరీక్ష 1931 డిసెంబరులో వచ్చింది. సిడ్నీ లెంజ్‌తో 150 రబ్బర్ల పోటీ న్యూయార్క్‌లో మొదలై 1932 జనవరిలో ముగిసింది. పత్రికలు దానిని యుద్ధవార్తల వలె ప్రకటించాయి. నడుమ లెంజ్‌తో పొసగక ఆయన జతగాడు ఆస్వాల్డ్ జాకోబీ తప్పుకొన్నారు. ఎక్కువ భాగం జోసెఫిన్‌ను జతగా పెట్టుకొని ఆడిన కల్బర్ట్‌సన్ 8,980 పాయింట్ల ఆధిక్యంతో గెలిచారు. గెలుపు శాశ్వతం కాదు. 1937లో బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఆయన జట్టు ఆస్ట్రియా చేతిలో ఓడింది. మరుసటి ఏడు దంపతులు విడిపోయారు.

తరువాత ఆయన దృష్టి ప్రపంచ శాంతిపై నిలిచింది. దేశాల వాటాలతో ఒక అంతర్జాతీయ సైన్యం ఏర్పరచాలన్న తన ప్రణాళికను 1943లో గ్రంథరూపంలో ప్రకటించారు. పాట ఘనమైనదే, కాని ఎదుట కూర్చున్న దేశాలు దానికి బదులు పాడలేదు. 1955 డిసెంబరు 27న ఆయన కన్నుమూశారు.

1949లో చార్లెస్ గోరెన్ ప్రచారంలోకి తెచ్చిన పాయింట్ల లెక్క - ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 - కల్బర్ట్‌సన్ తూనికను క్రమంగా తొలగించింది. కాని ఏ తూనికతో తూచినా ముల్లు నడుమ నిలిచే చేతులు ఉండనే ఉంటాయి. అప్పుడు బలం ఎక్కడ ఉన్నదో, ఓడితే నష్టమెంతో, జతగాని మనసేమిటో విచారించి పాడాలన్న ఆయన బోధకు మాత్రం కాలదోషం పట్టలేదు. చదువు ముగించి ఏ దారి తొక్కాలో తేలని విద్యార్థికి కూడా ఈ మూడు ప్రశ్నలు పనికివస్తాయి.